ఆటిజం ఉన్న పెద్దవాళ్లకు రైలు, బస్సు రాయితీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు 34 ఏళ్లు. ఆటిజం ఉందని 28వ ఏట తెలిసింది. సర్టిఫికెట్ కోసం తిరిగిన తిరుగుడులో నాకు ఫారాలు నింపడం బాగా వచ్చేసింది. ఇప్పుడు చుట్టాల్లో, తెలిసినవాళ్లలో ఎవరికి రాయితీ గురించి సందేహం వచ్చినా నాకే ఫోన్ చేస్తారు. ఫోన్లో మాట్లాడటం నాకు యమ కష్టం. అందుకే అందరూ అడిగేవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది చిన్నపిల్లల గురించి కాదు, 18 దాటినవాళ్ల గురించి. ఎక్కువ భాగం రైలు మీదే ఉంటుంది. డబ్బు ఎక్కువ మిగిలేదీ అక్కడే, తికమక ఎక్కువ ఉన్నదీ అక్కడే.

ఆటిజం సర్టిఫికెట్ ఉంటే రైలు టికెట్ తగ్గుతుందా?

ఆటిజం ఒక్కటే ఉంటే తగ్గదు. చాలామందికి ఈ మాట కౌంటర్ దగ్గర నిలబడ్డాకే తెలుస్తుంది. అందుకే ముందే చెప్పేస్తున్నా.

రైల్వే వాళ్లు దివ్యాంగుల రాయితీ ఇచ్చేది నాలుగు వర్గాలకే. తోడు లేకుండా ప్రయాణం చేయలేని శారీరక వైకల్యం ఉన్నవాళ్లు, తోడు లేకుండా ప్రయాణం చేయలేని మేధో వైకల్యం ఉన్నవాళ్లు, పూర్తిగా చూపు లేనివాళ్లు, వినికిడీ మాటా రెండూ పూర్తిగా లేనివాళ్లు. ఈ జాబితాలో ఆటిజం అన్న మాట లేదు. చేతిలో 80 శాతం ఆటిజం సర్టిఫికెట్ ఉన్నా, దాని మీద మేధో వైకల్యం కూడా రాసి లేకపోతే రిజర్వేషన్ కౌంటర్‌లో కూర్చున్న మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు. ఆయన మీద కోప్పడి లాభం లేదు. ఆయన కంప్యూటర్‌లో ఆ గడే ఉండదు.

ఆటిజంతో పాటు మేధో వైకల్యం కూడా ఉన్నవాళ్లకు మాత్రం పెద్ద రాయితీ వస్తుంది. కాబట్టి "ఆటిజానికి రాయితీ ఉందా" అని అడగకండి. "మా సర్టిఫికెట్ మీద ఏమేం రాసి ఉంది" అని ముందు మీరే చూసుకోండి.

చట్టంలో ఆటిజం ఉంది కదా, మరి రైల్వే జాబితాలో ఎందుకు లేదు?

చట్టంలో ఉన్న మాట నిజమే. 1995 నాటి పాత వికలాంగుల చట్టంలో ఏడే వైకల్యాలు ఉండేవి, వాటిలో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో మొదటిసారి పేరు కనిపిస్తుంది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాలను 21కి పెంచింది. ఆటిజానికి అందులో సొంత చోటు దొరికింది. ఆ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది.

రాయితీ జాబితా ఆ చట్టంతో పాటు మారలేదు. మధ్యలో మాటలు మార్చారు, పాత ఫారాల్లో ఉన్న మోటు పదాలు తీసేసి "దివ్యాంగజన్", "మేధో వైకల్యం" అని పెట్టారు. పేర్లు మర్యాదగా మారాయి, గడులు మాత్రం నాలుగే మిగిలాయి. పార్లమెంటు 21 అంటుంది, రైల్వే 4 అంటుంది. నాకు అంకెలు సరిపోకపోతే నిద్ర పట్టదు. ఈ రెండు అంకెల మధ్య తేడా నన్ను ఆరేళ్లుగా వేధిస్తోంది.

మా అబ్బాయికి ఆటిజం, మేధో వైకల్యం రెండూ ఉన్నాయి. కానీ సర్టిఫికెట్‌లో ఆటిజం అని మాత్రమే రాశారు. ఏం చేయాలి?

మళ్లీ పరీక్ష చేయించి రెండూ రాయించుకోండి. మా పెద్దమ్మ కొడుకు విషయంలో ఇదే జరిగింది. నాకు తమ్ముడి వరస, ఇప్పుడు 29 ఏళ్లు. చిన్నప్పటి సర్టిఫికెట్‌లో ఆటిజం ఒక్కటే ఉంది. పదేళ్ల పాటు ఏటా తిరుపతికి పూర్తి టికెట్ మీదే వెళ్లొచ్చారు. రెండోది కూడా రాయించుకోవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

రెండింటి కొలతలూ వేరు. మేధో వైకల్యానికి ఐక్యూ పరీక్షతో పాటు రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో చూస్తారు. స్నానం, బట్టలు, డబ్బు లెక్క, రోడ్డు దాటడం లాంటివి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో తక్కువ స్థాయి అయితే 50 శాతం, మధ్యస్థం 75, తీవ్రం 90, అతి తీవ్రం 100 శాతం అని ఉండేది. 2024లో వాటి చోట కొత్తవి వచ్చాయి. రెండూ ఉన్నప్పుడు బహుళ వైకల్యం కింద సర్టిఫికెట్ ఇస్తారు. దాని మీద ఒక్కొక్క వైకల్యం పేరు, శాతం విడివిడిగా ఉన్నాయో లేదో సంతకం కాకముందే చదివి చూడండి. సంతకం అయ్యాక దిద్దించడం కొత్తది తెచ్చుకోవడం కంటే కష్టం.

లేని వైకల్యం రాయించమని నేను చెప్పడం లేదు. ఒకరిద్దరు అలా అడిగారు కూడా. అలా రాయిస్తే ఆ కాగితం రేపు ఉద్యోగం దగ్గర, బ్యాంకు దగ్గర, ఆస్తి కాగితాల దగ్గర ఎదురు తిరుగుతుంది.

పెద్దయ్యాక కూడా ఆటిజం సర్టిఫికెట్ ఇస్తారా? శాతం ఎలా లెక్కిస్తారు?

ఇస్తారు. వయసు అడ్డు కాదు, కానీ అడ్డంగా చూసే చూపులు ఉంటాయి.

మన దేశంలో వాడే కొలత పేరు ఇసా. మన సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ తయారు చేసింది. ఆ సంస్థ పేరు అప్పట్లో నిమ్హ్, ఇప్పుడు నీపిడ్. ఈ కొలతలో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. అంటే ఎవరికైనా 40కి తగ్గవు, 200కి మించవు. 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేదంటారు. సరిగ్గా 70 వస్తే 40 శాతం వైకల్యం. 71 నుంచి 88 దాకా 50 శాతం. అలా పెరుగుతూ 158 దాటితే 100 శాతం. నాకు 81 వచ్చింది, అంటే 50 శాతం. చాలా పథకాలకు 40 శాతం గీత దాటితే చాలు.

పెద్దవాళ్లకు వచ్చే చిక్కు ఏమిటంటే, ప్రశ్నల్లో సగం చిన్నప్పటి గురించే. "పేరు పెట్టి పిలిస్తే పలికేవాడా? తోటి పిల్లలతో ఆడేవాడా? ఒకే వస్తువు పట్టుకుని గంటలు కూర్చునేవాడా?" వీటికి జవాబు మీ దగ్గర ఉండదు, అమ్మ దగ్గర ఉంటుంది. అమ్మను తీసుకెళ్లండి. అమ్మ లేకపోతే అక్కనో, మేనమామనో, మిమ్మల్ని ఎత్తుకు తిరిగిన ఎవరినైనా తీసుకెళ్లండి. మా అమ్మ ఒక పాత నోటుపుస్తకం తెచ్చింది. అందులో నేను రెండో తరగతిలో రాసుకున్న రైలు నంబర్లు, నిండా 40 పేజీలు. డాక్టరు పేజీలు తిప్పి చూశారు. మిగిలిన ప్రశ్నలు చకచకా అయిపోయాయి.

అంతకుముందు వెళ్లిన ఒక క్యాంపులో ఇలా జరగలేదు. షామియానా కింద లైను, మైకులో టోకెన్ నంబర్లు, పక్కన జనరేటర్. నా నంబరు వచ్చేసరికి చెవులు మూసుకుని ఉన్నాను. బల్ల దగ్గరాయన తలెత్తి "పేషెంట్ ఎక్కడమ్మా?" అని మా అమ్మను అడిగాడు. నేనే అన్నాను. "మాట్లాడుతున్నాడుగా, ఆటిజం ఏంటి?" అని కాగితం పక్కన పెట్టేశాడు. ఆ రోజు వెనక్కి వచ్చేశాం. మీకూ ఇలా జరిగితే అక్కడితో వదిలేయకండి. సర్టిఫికెట్ నిరాకరించినా, శాతం తక్కువ వేసినా అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టం 59వ సెక్షన్‌లో ఉంది. నిరాకరించిన కారణం కాగితం మీద రాసివ్వమని అడగండి. అడిగితే చాలా చోట్ల అక్కడికక్కడే గొంతు మెత్తబడుతుంది.

సదరం, యూడీఐడీ రెండూ ఒకటేనా?

ఒకటి కాదు. సదరం అంటే మన రెండు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి నడిచిన, వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి. మీసేవలో స్లాట్ తీసుకుని క్యాంపుకి వెళ్లడం అందరికీ అలవాటే. యూడీఐడీ దివ్యాంగులకు దేశమంతటికీ ఒకటే గుర్తింపు కార్డు, స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. 2024 అక్టోబరులో నిబంధనలు మారాయి, ఇప్పుడు సర్టిఫికెట్‌కీ కార్డుకీ దారి ఆ పోర్టలే. కార్డు రంగుని బట్టి శాతం తెలుస్తుంది. 40 కంటే తక్కువైతే తెలుపు, 40 నుంచి 79 దాకా పసుపు, 80 ఆపైన నీలం. మూడు నెలల్లో తేల్చాలన్నది నిబంధన. మధ్యమధ్యలో పోర్టల్‌లో స్థితి చూసుకుంటూ ఉండండి, ఫోటో మసకగా ఉందని ఆపేసి మనకు చెప్పకుండా ఊరుకున్న సందర్భాలు చూశాను.

ఒక రాష్ట్రంలో ఇచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. చట్టంలోనే ఆ మాట ఉంది. గుంటూరులో తీసుకున్నదాన్ని హైదరాబాద్‌లో "ఇక్కడ చెల్లదు" అంటే నమ్మకండి.

యూడీఐడీ కార్డు వచ్చింది కాబట్టి రైలు రాయితీ కూడా వచ్చేసినట్టే అనుకోకండి. పైన చెప్పిన నాలుగు వర్గాల సంగతి దీనికీ వర్తిస్తుంది.

మేధో వైకల్యం కింద అయితే రైల్లో ఎంత తగ్గుతుంది?

సెకండ్ క్లాస్, స్లీపర్, ఫస్ట్ క్లాస్, థర్డ్ ఏసీ, ఏసీ చైర్ కార్‌లో 75 శాతం. సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీల్లో 50 శాతం. రాజధాని, శతాబ్ది రైళ్ల థర్డ్ ఏసీ, చైర్ కార్‌లో 25 శాతం. నెల పాసు, మూడు నెలల పాసులకు 50 శాతం. వెంట వచ్చే ఒక తోడుకి కూడా ఇదే రాయితీ.

ఇక్కడ అందరూ పొరబడేది ఒకటుంది. రాయితీ అసలు చార్జీ మీదే. రిజర్వేషన్ చార్జీ, సూపర్‌ఫాస్ట్ చార్జీ పూర్తిగా కట్టాలి. స్లీపర్‌లో అసలు చార్జీ 400 రూపాయలు అనుకుందాం. రిజర్వేషన్‌కి 20, సూపర్‌ఫాస్ట్‌కి 30. మామూలుగా ఇద్దరికీ 900 అవుతుంది. రాయితీతో ఒక్కొక్కరికి 100కి పైన ఆ 50 కలిపి 150, ఇద్దరికీ 300. "75 శాతం అన్నారు, 225 కదా రావాలి" అని మా పెద్దనాన్న కౌంటర్ దగ్గర పావుగంట వాదించాడట. వెనక లైను మొత్తం ఆయనకి లెక్క చెప్పింది.

తత్కాల్‌లో ఏ రాయితీ ఉండదు. రైలెక్కాక టీటీఈ దగ్గర రాయితీ టికెట్ రాయించుకోవడం కుదరదు.

ముందు ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

రైల్వే వాళ్ల నమూనాలో ఉండే రాయితీ సర్టిఫికెట్ వేరేగా ఉంటుంది. దాని మీద ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఫోటో మీద సగం, కాగితం మీద సగం పడేలా ముద్ర వేయించండి. ఎక్కువగా వెనక్కి వచ్చేవి ఈ ముద్ర సరిగా లేకే.

దాన్ని పట్టుకుని రైల్వే దివ్యాంగజన్ పోర్టల్‌లో కార్డుకి దరఖాస్తు చేయాలి. ఫోటో, పుట్టిన తేదీ, చిరునామా రుజువులు, ఈ సర్టిఫికెట్, వైకల్య సర్టిఫికెట్ ఎక్కించాలి. పేరు అన్నింట్లో ఒకే అక్షరాలతో ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, సర్టిఫికెట్‌లో వెనక, ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తి పేరు. మన తెలుగువాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. ముందు ఆధార్ సరిచేసుకోండి, తర్వాత మిగతావి.

కార్డు చేతికి వచ్చాక ఐఆర్‌సీటీసీలో ఇంట్లో కూర్చునే బుక్ చేసుకోవచ్చు. కార్డు నంబరు కొడితే వివరాలు వస్తాయి, తోడు పేరు చేర్చడమే. కౌంటర్ దగ్గర లైనులో నిలబడలేనివాళ్లకు, మా తమ్ముడిలా ట్యూబులైటు మిణుకుమంటే అక్కడే కూలబడిపోయేవాళ్లకు, రాయితీ కంటే ఈ సౌకర్యమే పెద్ద వరం.

ప్రయాణంలో అసలు కాగితమో కార్డో వెంట ఉండాలి. జిరాక్స్ చాలదు. చూపించలేకపోతే పూర్తి చార్జీతో పాటు జరిమానా కట్టాల్సి వస్తుంది.

దివ్యాంగుల కోటాలో బెర్తులు ఎన్ని ఉంటాయి?

స్లీపర్‌లో నాలుగు, థర్డ్ ఏసీలో నాలుగు. వాటిలో రెండేసి లోయర్. రాయితీ టికెట్ మీద వెళ్లేవాళ్లకే ఈ కోటా. తక్కువే, కానీ అడిగేవాళ్లు తక్కువ కాబట్టి మామూలు కోటా నిండిపోయాక కూడా ఇందులో దొరకడం చూశాను.

"తోడు లేకుండా ప్రయాణం చేయలేని" అంటే? మా అమ్మాయి ఒంటరిగా వెళ్లడం నేర్చుకుంటోంది.

ఎవరు అడిగినా నా దగ్గర మంచి జవాబు లేని ప్రశ్న ఇది.

నిబంధన మాట నిబంధనదే. ఆ సర్టిఫికెట్ మీద ఈ మనిషి ఒంటరిగా వెళ్లలేరు అని డాక్టరు సంతకం పెడతారు. ఆ టికెట్ మీద ఒంటరిగా వెళ్తే చెకింగ్‌లో చిక్కే. ఒంటరిగా వెళ్లాలనుకున్న రోజు పూర్తి టికెట్ కొనండి.

మా తమ్ముడు రెండేళ్లు కష్టపడి కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా ఒక్కడే రావడం నేర్చుకున్నాడు. మొదట పెద్దమ్మ పక్క సీట్లో కూర్చుంది. తర్వాత అదే బోగీలో నాలుగు వరసల వెనక. తర్వాత పక్క బోగీలో. ఆఖరికి కాజీపేట ప్లాట్‌ఫాం మీదే ఆగిపోయింది. వాడు జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్ వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ వచ్చి దిగాడు, నేను ఎదురుగా నిలబడ్డాను. ఆ రోజు వాడి జేబులో ఉన్నది పూర్తి టికెట్. తల్లితో వచ్చి ఉంటే ఇద్దరికీ కలిపి అందులో సగమే అయ్యేది. సొంతంగా బతకడం నేర్చుకున్నవాడికి ఎక్కువ చార్జీ వేసే పద్ధతి ఇది. నాకు ఇందులో న్యాయం కనిపించదు. అయినా వాడు ఇప్పటికీ ఒంటరిగా వెళ్లే రోజు పూర్తి టికెట్టే కొంటాడు, ఎందుకంటే నిబంధన అంటే వాడికి నిబంధనే.

తోడుగా ఎవరు వెళ్లొచ్చు అని కూడా అడుగుతారు. ఎవరైనా వెళ్లొచ్చు, చుట్టమే కానక్కర్లేదు. కాకపోతే తోడుకి రాయితీ ఇద్దరూ కలిసి వెళ్తేనే. దిగబెట్టి ఒక్కరే తిరిగి వస్తే పూర్తి చార్జీ.

వృద్ధుల రైలు రాయితీ కరోనాలో తీసేశారు కదా, దివ్యాంగులది ఉందా?

ఉంది. 2020 మార్చి 20 నుంచి వృద్ధుల రాయితీ ఆగిపోయింది. దివ్యాంగుల నాలుగు వర్గాలు, కొన్ని రకాల రోగులు, విద్యార్థుల రాయితీలు అలాగే ఉంచారు.

దివ్యాంగుల బోగీ ఎక్కవచ్చా?

మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో ఈ బోగీ గార్డు పెట్టెతో కలిసి ఉంటుంది, చాలావరకు రైలు చివర్లో. రిజర్వేషన్ లేనివాళ్ల కోసం. రాయితీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు, వాళ్ల తోడు ఎక్కవచ్చు. జనరల్ బోగీ తోపులాటతో పోలిస్తే స్వర్గం, కానీ ప్లాట్‌ఫాం చివరిదాకా నడవాలి. పండగ రోజుల్లో మామూలు జనం కూడా ఎక్కేస్తారు. రిజర్వు చేసిన బోగీలో అనధికారంగా కూర్చోవడం రైల్వే చట్టం 155వ సెక్షన్ కింద నేరం. గొడవ పెట్టుకోకుండా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి, లేదా రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో రాయండి. నాలాంటివాళ్లకు రాయడమే హాయి.

స్టేషన్ గురించి ఒక మాట. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం మొదలయ్యాక కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి. కొత్త చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో తెరిచారు. ఏళ్ల తరబడి ఒకే గేటు, ఒకే మెట్లు అలవాటైనవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. టికెట్ మీద స్టేషన్ పేరు చూసి, ప్రయాణానికి ముందు ఒక ఖాళీ ఆదివారం అక్కడికి వెళ్లి ప్లాట్‌ఫాంలు, మెట్లు చూసి రండి.

హైదరాబాద్ లోకల్ రైళ్లు, అంటే ఎంఎంటీఎస్‌లో?

నెల పాసు సగం ధరకి. అర్హత పైన చెప్పిందే.

ఆర్టీసీ బస్సుల్లో ఏముంది?

రెండు రాష్ట్రాల్లోనూ దివ్యాంగులకు రాయితీ పాసులున్నాయి. డిపోల్లో దాన్ని పీహెచ్‌సీ అంటారు, ఆ పేరుతో అడిగితేనే త్వరగా అర్థమవుతుంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల్లో సగం టికెట్ అన్నది మామూలుగా కనిపించే రాయితీ. ఏ బస్సుకి వర్తిస్తుంది, పాసు ఎన్నాళ్లు, తోడుకి ఉందా లేదా అన్నవి ఉత్తర్వులతో మారుతుంటాయి. పాసు కౌంటర్ గోడ మీద అంటించిన కాగితం చదవండి, అది లేకపోతే డిపో మేనేజర్ ఆఫీసులో అడగండి.

ఇక్కడ కూడా పాసు వర్గాలు పాత చట్టం మాటల్లోనే తయారయ్యాయి. చూపు, వినికిడి, కాళ్లూ చేతులూ, మేధో వైకల్యం. "మీది ఏ రకం?" అని అడిగినప్పుడు ఆటిజం అంటే తల గోక్కుంటారు. సర్టిఫికెట్‌లో మేధో వైకల్యం ఉంటే ఆ మాట ముందు చెప్పండి, ఆటిజం తర్వాత చెప్పండి.

మా చెల్లికి ఆటిజం ఉంది. ఆడవాళ్లకు ఎలాగూ ఉచితమే కదా?

అవును, పాసు కోసం తిరగక్కర్లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ల్లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ కొడతారు. మా అక్కా నేనూ కలిసి వెళ్తే ఆమె చేతిలో సున్నా, నా చేతిలో పూర్తి టికెట్. ఆటిజం ఉన్నది నాకు.

కార్డు చూపించడమే కొందరికి కష్టం. బస్సు కిక్కిరిసి ఉంటుంది, కండక్టరు అరుస్తుంటారు, బ్యాగులో చెయ్యి పెడితే కార్డు తగలదు. మెడలో వేసుకునే తాడుకి కార్డు తగిలించి ఇవ్వండి. వెతుక్కునే పని ఉండదు, నోరు విప్పే పనీ ఉండదు.

కండక్టరుతో మాట్లాడటం రాకపోతే?

నేను జేబులో ఒక చీటీ పెట్టుకుంటాను. లామినేషన్ చేయించాను. "నాకు ఆటిజం ఉంది. జవాబు చెప్పడానికి కొంచెం టైం పడుతుంది. ఉప్పల్‌కి ఒక టికెట్." అంతే. ఊరి పేరు ఉన్న చోట ఖాళీ వదిలి మార్కర్‌తో రాసుకుంటాను, తుడిచి మళ్లీ రాయొచ్చు.

చిల్లర ముందే సరిగ్గా పెట్టుకోండి. లేకపోతే కండక్టరు టికెట్ వెనక "8" అని రాసి ఇచ్చి వెళ్లిపోతారు. దిగేలోపు ఆ 8 రూపాయలు ఎలా అడగాలి, ఎప్పుడు అడగాలి, మర్చిపోయారా, గుర్తుందా. ఆ ఆలోచనలోనే నేను రెండుసార్లు స్టాపు దాటిపోయాను. 8 రూపాయల కోసం 2 కిలోమీటర్లు వెనక్కి నడిచాను, ఆ 8 రూపాయలు మాత్రం రాలేదు.

చెన్నైలో ఉంటున్నాం. అక్కడ?

2021 నుంచి తమిళనాడులో సాధారణ టౌన్ బస్సుల్లో దివ్యాంగులకు, వాళ్ల తోడుకి ఉచితం. యూడీఐడీ కార్డు వెంట ఉంచుకోండి.

మా బాబు లండన్‌లో ఉన్నాడు, ఆటిజం ఉంది. అక్కడ రాయితీ వస్తుందా?

వస్తుంది, కానీ వీసాని బట్టి. బ్రిటన్‌లో దివ్యాంగుల రైల్‌కార్డు ఉంది. ఏడాదికి 20 పౌండ్లు. కార్డు ఉన్నవాళ్లకీ, వెంట వచ్చే ఒక పెద్ద మనిషికీ టికెట్ మూడో వంతు తగ్గుతుంది. ఆటిజం ఉన్నవాళ్లు దానికి మామూలుగా వెళ్లే దారి పిప్ అనే ప్రభుత్వ భృతి. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా మీద ఉన్న మనవాళ్లలో చాలామందికి ప్రభుత్వ భృతులు తీసుకోకూడదన్న షరతు ఉంటుంది. పిప్ ఆ జాబితాలో ఉంది. రైల్‌కార్డు వస్తుందన్న ఆశతో పిప్‌కి దరఖాస్తు చేస్తే వీసాకే ముప్పు.

బస్ పాసు ఆ భృతుల జాబితాలో లేదు. అది స్థానిక కౌన్సిల్ ఇస్తుంది, ఆ ప్రాంతంలో నివాసం ఉంటే అడగవచ్చు. ఇంగ్లండ్‌లో దానికి అర్హత ఏడు వర్గాలకు. తమాషా ఏమిటంటే అక్కడి ఏడింట్లోనూ ఆటిజం పేరు లేదు. నేర్చుకునే సామర్థ్యంలో తీవ్రమైన లోపం ఉందనో, ఆరోగ్య కారణంతో డ్రైవింగ్ లైసెన్స్ నిరాకరిస్తారనో, మరో గడిలో దూరాలి.

అర్హత ఉన్నా ఇవ్వనంటే ఎవరికి చెప్పాలి?

రైలు విషయమైతే 139, లేదా రైల్ మదద్. తేల్చకపోతే ఢిల్లీలోని దివ్యాంగుల చీఫ్ కమిషనర్‌కి. ఆర్టీసీ, ఆసుపత్రి, సర్టిఫికెట్ విషయాలైతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి. తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా తీసుకుంటారు. తేదీ, చోటు, ఎవరేమన్నారు, మీ దగ్గర ఏ కాగితం ఉంది, ఇవి చాలు. ఏడుపూ కోపమూ వేరే కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి, నేను అలాగే చేస్తాను.

ఏ నిబంధన కింద కుదరదన్నారో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి అడగండి. "ఆటిజం ఉన్నవారిని రైలు రాయితీలో చేర్చే ప్రతిపాదన ఏదైనా పరిశీలనలో ఉందా" అని నేను ఒకటి వేశాను. జవాబు వచ్చాక ఈ పేజీలో రెండో ప్రశ్న కింద చేరుస్తాను.